దేవుని కుండలో ఎర్ర బియ్యం

దయ్యాలంటే నాకు చిన్నప్పుడూ నమ్మకం లేదు, ఇప్పుడూ లేదు. శ్మశానం పక్క దారిలో నడిచి బడికి వెళ్ళినవాణ్ణి. తరవాత పాలిటెక్నిక్‌లో మూడేళ్ళు సివిల్ చదివి కాలువ పనుల్లో ఓవర్సియరుగా చేరాను. గట్టు ఎంత ఎత్తు, నీళ్ళు ఎంత లోతు, అడుగున మట్టి ఏ రకం, ఇవి కొలిచి రాయడమే నా ఉద్యోగం. కొలతకు అందని విషయాలు మాట్లాడేవాళ్ళ దగ్గర నేను ఎక్కువసేపు కూర్చోను.

అందుకే ఈ సంగతి ఇన్నేళ్ళూ బయట ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు కూడా నేను చూసినదాన్ని, విన్నదాన్ని, ఇతరులు చెప్పినదాన్ని కలపకుండా వేరువేరుగా రాస్తాను. ఏది దేనివల్ల జరిగిందో చదివినవాళ్ళు తేల్చుకోవచ్చు. నాకు తేలలేదు.

యాభైల చివర నేను విడవలూరుకు తూర్పున, బకింగ్‌హాం కాలువ గట్టు మీద క్వార్టర్సులో ఉండేవాణ్ణి. రెండు గదులు, వెనక వంటిల్లు. ఇంటి ముందు కాలువ. కాలువ అవతల సరుగుడు తోపు, తోపు దాటితే చేపలు పట్టేవాళ్ళ పల్లె, పల్లె వెనక సముద్రం. ఉప్పు, సరుగుడు కట్టెలు వేసుకుని పడవలు మద్రాసు వైపు పోతుండేవి. అటు నుంచి ఇటు రావాలంటే బల్లకట్టు ఒక్కటే దారి. దాన్ని నాగయ్య అనే ఆయన తాడు పట్టి లాగేవాడు. పెరట్లో వాన కొలిచే పరికరం ఒకటి ఉండేది. దాని గాజు గ్లాసు, గీతలున్నది, నా బల్ల మీదే ఉండేది. ఆ గ్లాసు సంగతి తరవాత వస్తుంది.

మేం క్రైస్తవులం. నా భార్య కరుణ కావలి దగ్గర రైతుల ఇంటి పిల్ల. మా సంఘాల్లో ఆడవాళ్ళకు ఒక అలవాటు ఉంది. అన్నానికి బియ్యం తీసినప్పుడల్లా, కడగక ముందే, అందులోంచి పిడికెడు తీసి పక్కన ఒక కుండలో వేస్తారు. దాన్ని దేవుని కుండ అంటారు. వేసేటప్పుడు "స్తోత్రం" అని ఒక్కమాట అంటారు. ఆదివారం ఆ బియ్యం గుడికి పోతుంది, లేకపోతే ఎవరైనా లేనివాళ్ళ ఇంటికి పోతుంది. దీనికి ఒకటే కట్టుబాటు. ఒకసారి పిడికిట్లోకి తీసిన బియ్యం మళ్ళీ వంట బియ్యంలో వెయ్యకూడదు. ఇంట్లో మనిషికి చాలకపోయినా సరే, అది వెనక్కి రాదు.

మా గుడి దూరం. కరుణ నెలలు నిండుతున్న మనిషి, ప్రతి ఆదివారం అంత దూరం నడవలేదు. అందుకని సంఘ పెద్దగారిని అడిగి, ఆ బియ్యం కాలువ అవతలి పోలమ్మకు ఇవ్వడం మొదలుపెట్టింది. పోలమ్మ మా గుమ్మానికి చేపలు తెచ్చే మనిషి. ఆ ఏడు తుఫానుకు ఆమె మొగుడి తెప్ప ముక్కలైంది. అతనికి చెయ్యి విరిగింది. ఆమెకూ అప్పుడు కడుపే.

బియ్యం తీసుకున్నప్పుడల్లా పోలమ్మ రెండు చేతులెత్తి దణ్ణం పెట్టేది. కరుణ ఆ చేతులు దించేది.

"నాకు గాదు పోలమ్మా, దేవుడికి చెప్పు."

"మీ దేవుడు నాకు తెలవదమ్మా. నాకు తెలిసింది నువ్వు. ఆయన కావాలంటే నీకాడ అడిగి తీసుకుంటాడులే."

ఈ మాట ప్రతి ఆదివారం ఉండేది. ఇద్దరూ నవ్వేవాళ్ళు. నేను లోపల గది నుంచి వినేవాణ్ణి.

తరవాత పోలమ్మ కాన్పుకు వాళ్ళమ్మ పల్లెకు వెళ్ళింది. అది దక్షిణంగా చాలా దూరం. వెళ్ళేముందు కుండ ఖాళీ చేసి ఇచ్చి పంపింది కరుణ. ఆ తరవాత కూడా రోజూ పిడికెడు వేస్తూనే ఉంది.

మాకు ఆడపిల్ల పుట్టింది. పుట్టిన రెండోరోజు కరుణ చనిపోయింది. నెల్లూరు ఆస్పత్రిలో చేయగలిగినవన్నీ చేశారు. నేను పక్కనే ఉన్నాను. అంతకంటే ఇక్కడ రాయను.

మా అత్తగారు మార్తమ్మగారు కావలి నుంచి వచ్చి మా దగ్గరే ఉండిపోయారు. ఇంట్లో మేం ముగ్గురం: నేను, ఆవిడ, పసిపిల్ల. అప్పటినుంచి మా ఇంట్లో ఒక్కటే ప్రశ్న, పిల్ల బతుకుతుందా లేదా అని. ఆవుపాలు నీళ్ళు కలిపి పట్టాం. మేకపాలు పట్టాం. నెల్లూరు నుంచి డబ్బాపాలు తెచ్చాం. ఏది పట్టినా కక్కేసేది. తొడలమీద చర్మం ముడతలు పడింది. డాక్టరు చూసి, ఏ తల్లి పాలైనా సరే దొరికితే నిలబడుతుంది, వెతకండి అన్నాడు. వెతికాం. పాలున్నవాళ్ళకు తమ బిడ్డకే చాలడం లేదు. ఒకావిడ సరేనంది గానీ ఆవిడ అత్త ఒప్పుకోలేదు, తల్లిని మింగిన బిడ్డను మా ఇంటికి తేవద్దంది.

ఆ రోజుల్లో ఒకసారి సంఘ పెద్దగారు సైకిలు మీద వచ్చారు. మంచి మనిషి. కీడులో కూడా స్తోత్రం చెప్పగలిగితే మనసు కుదుటపడుతుంది, ఒక ప్రార్థన చేద్దాం అన్నారు. మార్తమ్మగారు పిల్లను ఒళ్ళో వేసుకుని కూర్చుని ఉన్నారు. నలభై ఏళ్ళు గుడిలో ముందు వరసలో కూర్చున్న మనిషి.

"దేనికయ్యా స్తోత్రం? ఆయనకు ఇయ్యాల్సింది ఇచ్చేసినాం. ఇంక ఈ ఇంట్లో ఏముందని చెయ్యి చాస్తాడు? దీన్నీ ఇమ్మంటాడా?"

పెద్దగారు లేచారు. మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళాక మార్తమ్మగారు వంటింట్లోకి పోయి, దేవుని కుండను గూట్లో లోపలికి నెట్టి, పైన సత్తు పళ్ళెం బోర్లించి, దాని ముందు చేట అడ్డం పెట్టారు. ఆ పని నేను చూశాను.

నా సంగతి కూడా అంతే. భోజనం ముందు కళ్ళు మూసుకుని ఒక మాట చెప్పడం మా ఇంటి అలవాటు. ఆ మాట నాకు నోటికి రావడం మానేసింది. దేవుడు లేడని అనుకోలేదు. ఉన్నాడు, కానీ ఆయనతో మాట్లాడటానికి నా దగ్గర ఏమీ లేదు.

ఇక్కడ బియ్యం సంగతి చెప్పాలి. మేం తినేది అత్తగారి పొలంలో పండిన మొలగొలుకులు. తెల్లగా, సన్నగా ఉండే బియ్యం. ఆ ఏడు తుఫానుకు వాళ్ళ పంట నీళ్ళపాలైంది. ఉన్న ఒక్క బస్తా కరుణను సమాధి చేసిన వారంలో వచ్చినవాళ్ళకు వండటంతో అయిపోయింది. ఆ తరవాత మేం తిన్నది సర్కారు డిపోలో ఇచ్చే కంట్రోలు బియ్యం. లావుగా, ఎర్రగా, రాళ్ళతో ఉండేవి. ఒక్కపూటే వండేవాళ్ళం. పొద్దున వండిందే రాత్రికి కూడా.

వారానికి తెచ్చిన కంట్రోలు బియ్యం వారం నిండకముందే అయిపోతుండేది. మార్తమ్మగారు డిపోవాడిని తిట్టేవారు. "తూకంలో కొడతుండాడు నాయనా, మీరు మెత్తగా ఉంటారని." నేను ఒకసారి డిపో దగ్గర నిలబడి తూకం చూశాను, ఇంటికి తెచ్చి మళ్ళీ తూచాను. తూకం సరిగ్గానే ఉంది. అయినా వారానికి చాలలేదు. మా ఇద్దరి ఆకలీ నాకు తెలుసు, అంత తినేవాళ్ళం కాదు. అప్పుడు దాని గురించి ఆలోచించే ఓపిక లేక వదిలేశాను.

ఒక ఆదివారం పొద్దున. ఎండ ఇంకా ముదరలేదు. నేను వసారాలో కూర్చుని ఉన్నాను. లోపల పిల్ల ఏడుస్తోంది. అప్పటికి దాని ఏడుపు పిల్లికూన గొంతంత అయిపోయింది. బల్లకట్టు ఇవతలికి వచ్చి ఆగింది. గుమ్మం ముందు నుంచి గట్టిగా కేక వినిపించింది.

"కరుణమ్మా! ఓ కరుణమ్మా! బుట్ట తెచ్చినా. రమ్మని పిల్చి నువ్వు యాడికి బొయినావు?"

పోలమ్మ. చంకలో మగపిల్లవాడు, చేతిలో ఖాళీ బుట్ట. నన్ను చూసి కొంగు సర్దుకుంది.

"బాగుండారా అయ్యా? రాత్రి పొద్దుబొయినాక వచ్చినా మాయమ్మ కాడ్నించి. ఇదో, వీడే. మొగపిలకాయ." వాణ్ణి కాస్త ఎత్తి చూపించింది. "కరుణమ్మ ఏదీ? ఇప్పుడే గదా గట్టు మీద నిలబడి నన్ను కేకేసినాది. కుండ నిండిపొయింది, వచ్చి పోసకపో అని. నేను వచ్చేలోపలే లోపలికి బొయ్యి పనుకున్నాదా ఏంది?"

నేను లేచి నిలబడ్డాను.  జరిగింది జరిగినట్టు చెప్పాను.

ఆమె నవ్వింది. "ఊరకుండయ్యా. ఎగతాళికైనా అట్టాంటి మాటలు అనకూడదు."

అప్పటికి మార్తమ్మగారు పిల్లను ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చారు. పోలమ్మ ఆవిడ మొహం చూసింది. పిల్లను చూసింది. నవ్వు ఆగిపోయింది. బుట్ట కింద పెట్టి మెట్టు మీద కూలబడింది.  తరవాత తనలో తాను అనుకుంటున్నట్టు, "లేదే, పేరు బెట్టి పిల్చినాది గదా," అంది.

పిల్ల ఏడుస్తూనే ఉంది. పోలమ్మ రవిక ముందువైపు తడిసిపోవడం నేను చూసి తల తిప్పుకున్నాను.

"ఇట్టియ్యి పెద్దమ్మా."

మార్తమ్మగారు పిల్లను ఇంకా గట్టిగా పట్టుకున్నారు. "ఎవురమ్మే నువ్వు?"

"నేను ఎవురైతే ఏంది? ఆకలి ఎవురిదో అది చూడు ముందు."

నేను కాలువ వైపు తిరిగి నిలబడ్డాను. వెనక ఏం జరిగిందో వినడమే గానీ చూడలేదు. పిల్ల రెండుసార్లు విదిలించుకుంది. మళ్ళీ ఏడ్చింది. తరవాత ఏడుపు ఆగింది. మింగుతున్న చప్పుడు వచ్చింది. నీళ్ళు దిగే గొట్టంలో గాలి బుడగ కదిలినట్టు, ఒకదాని తరవాత ఒకటి. ఆ చప్పుడు అంతకుముందు మా ఇంట్లో నేను వినలేదు.

"నా కొడుకు దొంగ నాయాలు," అంటోంది పోలమ్మ. "ఒకపక్కే తాగతాడు. రెండోపక్క ఊరకనే కారిపోతా ఉండాది నాయమ్మా. తాగు, తాగు, నిన్నెవురూ తరమటంలా."

పిల్ల కక్కలేదు. అక్కడే నిద్రపోయింది. మార్తమ్మగారు గోడ వైపు తిరిగి కూర్చుని ఉన్నారు. భుజాలు కదులుతున్నాయి.

పోలమ్మ వెళ్ళడానికి లేచింది. సాయంత్రం మళ్ళీ వస్తానంది. బియ్యం మాట ఎత్తలేదు, ఖాళీ బుట్ట తీసుకుని బయలుదేరింది. అప్పుడు నాకు గుర్తొచ్చింది. కరుణ పోయేముందు వేసిన కాసిని పిడికిళ్ళు ఆ కుండలో ఉండాలి. అవి ఈమెవే. ఉండమని చెప్పి లోపలికి వెళ్ళాను.

చేట తీశాను. పళ్ళెం మీద దుమ్ము పేరుకుని ఉంది. పళ్ళెం తీసి కుండ ఎత్తబోతే ఒక్క చేతికి లేవలేదు. వెలుతురులోకి తెచ్చి చూశాను. కుండ మూతి దాకా బియ్యం ఉన్నాయి. ఎర్ర బియ్యం.

వసారాలోకి తెచ్చి, చేటలో ఒక కొస నుంచి రెండో కొసకు జరుపుతూ నెమ్మదిగా వంచాను. ముందు ఎర్రబియ్యం పడ్డాయి. చాలాసేపు అవే. తరవాత అడుగున ఉన్న తెల్లవి, మొలగొలుకులు, వచ్చాయి. మధ్యలో గీత గీసినట్టు ఉంది. గట్టు పనికి బోరు వేస్తే మట్టి అలాగే పొరలుగా వస్తుంది. కుండలో అడుగున ఉన్నది ముందు వేసింది, పైన ఉన్నది తరవాత వేసింది. ఇది నాకు బాగా తెలిసిన విషయం. తెల్లవి కరుణ వేసినవి. ఎర్రవి కరుణ ఎప్పుడూ చూడలేదు. అవి మా ఇంట్లోకి వచ్చింది ఆమె పోయాక.

ఆ క్షణంలో నాకు భయం వెయ్యలేదు. కోపం వచ్చింది, మార్తమ్మగారి మీద. స్తోత్రం లేదని పెద్దగారిని పంపేసి, నా వెనక రోజూ వేస్తూనే ఉన్నారని. ఆవిడ వైపు చూశాను. ఆవిడ చేట వైపు, తరవాత నా వైపు చూశారు. ఆవిడ కళ్ళలోనూ అదే కోపం.

"మీరు మానుకోలేదన్నమాట," అన్నారు.

నేను గూడు దగ్గరికే పోలేదన్నాను. ఆవిడా పోలేదన్నారు. బిడ్డ మీద ఒట్టు వేసుకుని ఏడుస్తూ చెప్పారు. ఆ పరిస్థితిలో ఆ బిడ్డ మీద ఆవిడ అబద్ధపు ఒట్టు వేస్తారని నేను నమ్మను.

నేను లోపలికి పోయి వాన గ్లాసు తెచ్చాను. ఎర్రబియ్యం వేరుగా జాగ్రత్తగా తీసి గ్లాసుతో కొలవడం మొదలుపెట్టాను. ఆ సమయంలో ఎందుకు కొలిచానంటే, నాకు చేతనయింది అదొక్కటే. పోలమ్మ మెట్టు మీద నుంచి చూస్తోంది.

"ఏందయ్యా, వానకు కురిసినాయా అయ్యి, గ్లాసుతో కొలస్తుండావు?"

ఏడుస్తున్న మార్తమ్మగారు కూడా ఒక్కక్షణం తలెత్తి నన్ను చూశారు.

కొలిచి, అన్నీ ఆమె బుట్టలో పోశాను.

పోలమ్మను అప్పుడే కొన్ని ప్రశ్నలు అడిగాను. ఆమె చెప్పినవి ఇవి. తను అవతలి గట్టు మీద చేపలు ఆరబెట్టడానికి వల పరుస్తోంది. ఇవతలి గట్టు మీద, మా ఇంటికి ఎదురుగా, కరుణ నిలబడి "పోలమ్మా" అని పిలిచింది. కుండ నిండింది, వచ్చి పోసకపో అంది. తను "వస్తుండా" అని జవాబు చెప్పింది. కరుణ ఇంటి వైపు తిరిగింది. ఏ చీర అని అడిగాను. "చీర చూళ్ళేదయ్యా, మొగం చూసినా" అంది. ఎప్పటిదో పాత జ్ఞాపకం ఇవాళ్టిది అనుకున్నావేమో అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"నేను బొయినప్పుడు ఆయమ్మకు ఇంత కడుపు. ఇయ్యాల కడుపు లేదు. కాన్పయింది గామాల, బిడ్డను జూపిచ్చేదానికే పిలస్తుండాది, అనుకుంటా వచ్చినా."

ఆమెకు నేనంటే కాస్త విసుగు కూడా కలిగినట్టుంది. నేను నమ్మకపోతే తను అబద్ధం చెప్పినట్టు కదా.

బల్లకట్టు నాగయ్యను కూడా అడిగాను. ఆ పొద్దున అతను అవతలి ఒడ్డునే ఉన్నాడు. పోలమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఇవతలికి చూస్తూ, "వస్తుండా కరుణమ్మా" అని అరవడం విన్నాడు. తను తాడు ముడి వేసుకుంటూ వంగి ఉన్నాడు, ఇవతలి గట్టు మీద ఎవరున్నారో చూడలేదు. "పేరు యినంగానే గుండె జల్లుమనింది సార్. ఈమెకు తెలవదు పాపం అనుకున్నా. బల్లకట్టు మీద చెప్పాలనుకున్నా. నోరు రాలా," అన్నాడు.

అంటే పోలమ్మ ఆ జవాబు చెప్పడం కల్పన కాదు. దేనికి జవాబు చెప్పిందో మాత్రం సాక్ష్యం లేదు.

ఆ రోజంతా నాకు తోచిన కారణాలన్నీ వేసుకున్నాను. మొదటిది, అత్తగారు నిద్రలో లేచి వేసి ఉంటారు. కానీ పళ్ళెం మీద దుమ్ము చెదరలేదు, చేట జరగలేదు. రెండోది, నేనే అలా చేసి ఉంటాను. అదే అభ్యంతరం. పైగా వంటింట్లో పొయ్యి పక్కనే పిల్లతో పడుకునే మార్తమ్మగారికి చీమ కదిలినా మెలకువ వచ్చేది. మూడోది, బయటివాళ్ళెవరో. ఎవరు, ఎందుకు? నాలుగోది ఎలుకలు. ఎలుక బియ్యం తీసుకుపోతుంది గానీ తెచ్చి వెయ్యదు. అయిదోది, నేను చూసినదే తప్పు, బియ్యం రంగు మారిందేమో. లేదు. గింజే వేరు. ముగ్గురం చూశాం. ఆపైన నాకు ఏమీ తోచలేదు. వారం నిండకముందే బియ్యం ఎందుకు అయిపోతున్నాయో మాత్రం తెలిసింది. డిపోవాడి తప్పు లేదు.

ఇంకొకటి లెక్కవేశాను. కంట్రోలు బియ్యం వచ్చినప్పటినుంచి మా ఇంట్లో ఎన్నిసార్లు పొయ్యి మీద అన్నం ఎక్కిందో నాకు తెలుసు. వండినప్పుడల్లా ఒక పిడికెడు అనుకుని, కొలిచిన ఎర్రబియ్యాన్ని దానితో భాగించాను. ఒక పిడికిలికి ఇంత అని వచ్చింది. ఇది రుజువు కాదు. వండినప్పుడల్లా పడింది అనేది నేను అనుకున్నదే. అయినా ఆ కొలత నా దగ్గర ఉంది గనక, దాన్ని పోల్చి చూడాలనిపించింది.

మర్నాడు పొద్దున మార్తమ్మగారు వంటకు బియ్యం తీసి చేటలో పోసుకున్నారు. నేను గ్లాసు తీసుకుని వెళ్ళాను.

"అత్తయ్యా, కుండలో వేసేటప్పుడు పిడికెడు ఎలా తీసేవాళ్ళో ఒకసారి తీసి ఇందులో పొయ్యండి."

"ఏం నాయనా, దొంగతనం నామీద పెడతుండారా?"

"దొంగతనమైతే తగ్గాలి కదా అత్తయ్యా. ఇక్కడ పెరిగాయి."

ఆవిడకు నవ్వు రాబోయి ఆగింది. చెయ్యి చేటలో పెట్టి, పిడికిలి మూసి, గ్లాసులో పోశారు. పొలం పని చేసిన చెయ్యి, పెద్దది. కొలత నా లెక్కకంటే బాగా ఎక్కువ వచ్చింది. ఆవిడ పోసిన దానిమీదే నా పిడికెడు కూడా పోసి చూశాను. నాది ఇంకా ఎక్కువ. కుండలో పడ్డ పిడికిళ్ళు మా ఇద్దరివీ కావు.

కరుణ పిడికిలి కొలత నా దగ్గర లేదు. ఎవరు మాత్రం భార్య పిడికిలి కొలిచి పెట్టుకుంటారు? లెక్కలో ఎంత వచ్చిందో అంత బియ్యం నా అరచేతిలో పోసి మార్తమ్మగారికి చూపించాను. ఆవిడ చాలాసేపు చూశారు.

"మా కరుణకు గాజులు తొడిగేవాడు ఎప్పుడొచ్చినా చిన్నపిల్లల కొలత గాజులే తీసేవాడు," అన్నారు.

 చెయ్యడానికి ఇంకేమీ లేదు. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. గ్లాసులో మా ఇద్దరి పిడికిళ్ళూ ఉన్నాయి, నా అరచేతిలో మూడోది ఉంది. అది కూడా గ్లాసులో పోసి, మొత్తం చేటలోకి వంచబోయాను.

మార్తమ్మగారు నా మణికట్టు పట్టుకున్నారు.

"వద్దు. తీసింది మళ్ళీ వెయ్యకూడదు."

ఆలోచించి అన్న మాట కాదది. చిన్నప్పటినుంచి చేతికి ఉన్న అలవాటు మనసుకంటే ముందు లేచింది. అన్నాక ఆవిడే ఆగిపోయారు. మేమిద్దరం ఆ గ్లాసు పట్టుకుని నిలబడ్డాం. బియ్యం వెనక్కి పోకూడదు. మరి ఎక్కడికి పోవాలో ఇద్దరికీ తెలుసు.

ఆవిడ గ్లాసు తీసుకుని గూడు దగ్గరికి వెళ్ళారు. నిన్న ఖాళీ చేసిన కుండ అక్కడే ఉంది. వంచారు. ఖాళీ కుండలో బియ్యం పడితే గట్టిగా చప్పుడవుతుంది. ఆ చప్పుడు మీద ఆవిడ నోటినుంచి "స్తోత్రం" అని వచ్చింది. వచ్చాక ఆవిడ ఉలిక్కిపడి, ఆ మాట నేను అన్నానేమో అన్నట్టు నా వైపు చూశారు. తరవాత కుండ అంచు పట్టుకుని అక్కడే నేలమీద కూర్చుండిపోయారు. పొయ్యి పక్కన పిల్ల నిద్రపోతోంది.

నేను ఏ మాటా అనలేదు. కానీ అందులో నా పిడికెడు కూడా ఉంది.

పోలమ్మ రోజుకు రెండుమూడుసార్లు బల్లకట్టు దాటి వచ్చేది. ఆమె రాలేని రోజు మార్తమ్మగారే పిల్లను ఎత్తుకుని ఆ పల్లెకు పోయేవారు. పిల్ల నడక వచ్చేదాకా ఆమె పాలే తాగింది. ఆమె కొడుకూ మా పిల్లా ఒకరినొకరు జుట్టు పట్టుకుని పెరిగారు. ఒకసారి నేను పోలమ్మకు కృతజ్ఞత చెప్పబోయాను. నాకు అలాంటి మాటలు సరిగా రావు, తడబడ్డాను.

"నాకెందుకు చెప్తావయ్యా? పిల్చినామెకు చెప్పు," అంది. నవ్వుతూ అనలేదు.

ఆ తరవాత కుండలో మేం వెయ్యని గింజ ఎప్పుడూ పడలేదు. నేను చూస్తూనే ఉన్నాను. నాకు మనుబోలు వైపు బదిలీ అయినప్పుడు కుండను మాతో తెచ్చుకున్నాం. పిల్లకు దీవెన అని పేరు పెట్టాం. ఇప్పుడు బడికి పోతోంది. మార్తమ్మగారు మళ్ళీ గుడిలో ముందు వరసలో కూర్చుంటున్నారు. ఆవిడకు ఇందులో సందేహమేమీ లేదు. దేవుడు పంపాడు, కరుణ వచ్చింది, అంతే అంటారు.

నాకు అంత తేలిగ్గా కుదరదు. దేవుడే చేశాడంటే, ఆమెను ఉంచితే ఈ పనంతా అక్కర్లేదు కదా అనిపిస్తుంది. కరుణే వచ్చిందంటే, కాలువ అవతలి మనిషికి కనిపించి, వసారాలో కూర్చుని ఉన్న నాకు ఎందుకు కనిపించలేదో అర్థం కాదు. ఆ గట్టు మా ఇంటిముందే. నేను అటే చూస్తూ కూర్చున్నాను. ఏమీ జరగలేదందామంటే, అడుగున తెల్లవి, పైన ఎర్రవి, నా కళ్ళతో చూశాను. పిల్ల బతికి ఉంది.

మార్తమ్మగారు ఊరెళ్ళిన రోజుల్లో వంట నాదే. బియ్యం తీసినప్పుడల్లా పిడికెడు కుండలో వేస్తాను. ఒకసారి తీశాక వెనక్కి వెయ్యలేను గనక. వేసేటప్పుడు ఆ మాట కూడా అంటున్నాను, ఈ మధ్యే మొదలైంది. ఎవరి వైపు తిరిగి అంటున్నానో నాకు ఇప్పటికీ తెలియదు.